ఖమరుద్దీన్ తీసేసిన గొట్టం

మధ్యాహ్నం మూడున్నర. ఎండ ఉంది గాని చురుకు లేదు, ఉత్తరపు గాలి సన్నగా తోలుతోంది. లోపలికి రామ్మా నాదియా, ఆ గుమ్మంలో నిలబడకు. చెప్పులు అక్కడే వదిలెయ్. ఏడ్చావా? కళ్ళు చూస్తే తెలియదా ఏమిటి. మీ ఆయన షోయబ్ ఏమన్నా అన్నాడా? కాదూ. మరి? మల్లేశమా! మల్లేశం ఏమన్నాడు? ఊఁ. ఊఁ. "మీ నాయిన చేసిన పనికి ఇంజనీరు సారు కొడుకు పానం పోతుండె" అన్నాడా. ఎక్కడ, మీ ఆయన షాపులోనా? నలుగురి ముందా? సరే. కూర్చో ముందు. మల్లేశం స్టీరింగు పట్టుకుంటే కడుపులో నీళ్ళు కదలవు. నోరు మాత్రం పట్టుకోలేడు. పదేళ్ళకు పైగా చూస్తున్నాను అతన్ని. అబద్ధం ఆడడు, అది కూడా చెప్పాలి. అతను చెప్పింది నిజమే. కాకపోతే సగం. మిగతా సగం అతనికి తెలియదు. అందులో కొంత మావారికి కూడా తెలియదు. ఇవాళ నువ్వు అడగడానికి వచ్చావు కనక చెప్తాను. నాకు ఎక్కువ మాట్లాడటం రాదు, నీకు తెలుసు. అటూ ఇటూ పోతే నువ్వే దారిలో పెట్టు.

మీ నాన్న పోయినప్పుడు నీకెన్నేళ్ళు? పదమూడా. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవు మీద ఇంటికి వచ్చేవాడు. అంటే నువ్వు ఆయన్ని చూసింది మొత్తం... పోనీలే. మేం రోజూ చూశాం. ఒమాన్ సంగతేమో గాని, ఈ ఇబ్రా ఊళ్ళో ఖమరుద్దీన్ ఉస్తాద్ అంటే తెలియని వాళ్ళు లేరు. వర్క్‌షాపులన్నీ ఉండే సనాయియాలో మా కంపెనీ షెడ్డు ఉండేది, ఇప్పుడు టైర్ల కొట్టు ఉంది చూడు, అక్కడ. పొట్టిమనిషి. నడుముకి ఎర్ర గుడ్డ, చెవి మీద పెన్సిల్. ఆ పెన్సిల్‌తో ఏదీ రాయగా నేను చూడలేదు. ఇంజన్ మీద దాన్ని ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని వినేవాడు, డాక్టరు మాదిరి. "వాల్వు మాట్లాడతాంది మేడం, నాకు గాలి తక్కువైంది అంటాంది" అనేవాడు. మాది బాపట్ల, ఆయనది కడప. ఆయన మాట నాకు మొదట్లో నవ్వొచ్చేది, నా మాట ఆయనకి. "మీరు మాట్లాడితే పాట పాడినట్టుంటాది మేడం, తిట్టినా తెలీదు" అనేవాడు. మావారు సూర్యప్రకాశ్ గారు ఎవరినీ తొందరగా మెచ్చుకోరు కదా. ఆయన కూడా, ఖమరుద్దీన్ చెయ్యి పడితే ఇక చూడక్కర్లేదు అనేవారు.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. అక్కడొక్కచోటే కాదులే, ఈ దేశంలో అప్పటి మెకానిక్కులందరిదీ అదే అలవాటు. కొత్త బండి రాగానే బానెట్టు ఎత్తి, రెండు వస్తువులు పీకి పారేసేవాళ్ళు. ఒకటి, ఇంజన్‌లో నీళ్ళని వేడెక్కేదాకా ఆపి ఉంచే చిన్న బిళ్ళ. ఏదో పేరుంది, థర్మోస్టాట్. రెండోది ఒక రేకు గొట్టం. పొగ పోయే దారి ఎర్రగా కాలుతూ ఉంటుంది కదా, దాని పక్కనుంచి వేడిగాలి తీసుకెళ్ళి ఇంజన్ పీల్చుకునే చోట వదులుతుంది ఆ గొట్టం. చలిదేశాల కోసం పెట్టింది. ఇక్కడ జూన్‌లో రోడ్డు మీద గుడ్డు పగలగొడితే ఉడుకుతుంది, ఇంకా వేడిగాలి ఎందుకు? మీ నాన్న నవ్వేవాడు. "ఒమాన్‌లో ఇంజన్‌కి స్వెటర్ తొడిగినారు సార్ జపానోళ్ళు" అనేవాడు. గొట్టాలన్నీ షెడ్డు వెనక గుట్టగా పడి ఉండేవి, మేకలు వాటి మీద ఎక్కి దిగేవి. మావారు ఒకసారి అడిగారట, ఉండనిస్తే నష్టమేమిటయ్యా అని. "ఎండాకాలం ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతాది సార్, మీరే నన్ను పిలుస్తారు" అన్నాడు. అదీ నిజమే. ఎన్నో బండ్లు అలా ఆగకుండా నడిచాయి ఆయన వల్ల. తప్పు చేశాడు అనేముందు అది తెలుసుకోవాలి.

ఎనభై తొమ్మిది, జనవరి. ఈ జనవరికి సరిగ్గా పదేళ్ళు. మావారి కంపెనీ కొండ మీది ఊళ్ళో నీళ్ళ టాంకు కడుతోంది. ఏ కొండ అంటే, నిజ్వా దాటాక వస్తుంది, ఇప్పుడు జనం గుడారాలు వేసుకుని పడుకోవడానికి వెళ్తున్నారే, ఆ కొండల్లోనే. అప్పుడు రోడ్డు లేదు, రాళ్ళ బాట. ఒకవైపు గోడ, ఒకవైపు ఏమీ లేదు. గురువారం నాడు మావారు టాంకు చూడ్డానికి బయల్దేరారు. మా అమ్మాయి చంద్రిక తనూ వస్తానని పట్టు పట్టింది. దానికి అప్పుడు పదేళ్ళు. కొండ మీద జనవరిలో మేకల తొట్టెల్లో నీళ్ళు గడ్డ కడతాయని ఎవరో చెప్పారు, ఐసు చూడాలి, అంతే. ఇది వెళ్తే వాడూ వెళ్తాడు. మా చిన్నవాడు శ్రీచరణ్‌కి ఆరేళ్ళు. వాడికి ఉబ్బసం అని తెలుసు కదా నీకు. ఇప్పుడు వాణ్ణి చూస్తే నమ్మవు, మస్కట్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. అప్పుడు చలిగాలి తగిలితే చాలు, పిల్లికూతలు. నేను వద్దన్నాను. మూడుసార్లు అన్నాను. నాలుగోసారి నేనే పులిహోర కలపడం మొదలుపెట్టాను. ఇంట్లో ఆడదాని "వద్దు"కి ఉన్న విలువ అంతేగా. నవ్వు, నవ్వు. నీకూ తెలిసొస్తుంది.

మల్లేశం డ్రైవరు. మీ నాన్న ఎందుకొచ్చాడంటే, టాంకు దగ్గర నీళ్ళ పంపు మొరాయించిందట, చూసి రమ్మన్నారు. పంపు ఆయనకి ఎంతసేపు, పావుగంట. మొత్తం ఆరుగురం. పెట్రోలు బండి, నాలుగు చక్రాలూ తిరిగేది. రెండు పాలపొడి డబ్బాలు తీసుకెళ్ళాను, ఒకదాంట్లో పులిహోర, ఒకదాంట్లో జంతికలు. పెద్ద డబ్బాలు, రెండున్నర కేజీలవి. అవి గుర్తుపెట్టుకో, ఇంకాసేపట్లో పనికొస్తాయి. బాట ఎక్కేటప్పుడు బండి ఎద్దులా ఎక్కింది, ఒక్కసారి కూడా ఆగలేదు. కష్టపడి ఎక్కుతోంది కనక ఇంజన్ వేడిగా ఉంది, అందుకని ఆగలేదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. పైకి చేరేసరికి పది. ఐసు లేదు, ఏమీ లేదు. తొట్టెలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. చంద్రిక మొహం చూడాలి. "రాత్రి ఉండె బిడ్డా, నువ్వొస్తున్నవని సిగ్గుపడి కరిగింది" అన్నాడు మల్లేశం. పదకొండున్నరకి మంచు దిగింది. మంచంటే ఐసు కాదమ్మా, పొగమంచు, సన్నటి తుంపర. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. చలి ఎముకల్లోకి వెళ్ళింది. పన్నెండున్నరకి వాడు దగ్గాడు. ఒక్కసారే. నాకు ఆ దగ్గు తెలుసు. బయల్దేరదాం అన్నాను.

మైలు దూరం కూడా రాలేదు, దిగుడు మొదలవకుండానే బండి మూలిగింది, ఊగింది, ఆగింది. మల్లేశం తాళం తిప్పుతున్నాడు, కర్రు కర్రు అంటోంది గాని అందుకోవడం లేదు. "ఏంది ఉస్తాద్, నీ బండికి జరమొచ్చినట్టుంది?" అన్నాడు. "నోరు మూసుకుని బానెట్టు తెరువు" అని మీ నాన్న దిగాడు. పెట్రోలులో నీళ్ళు కలిశాయేమో అన్నాడు మల్లేశం. మీ నాన్న ఫిల్టరు విప్పి అరచేతిలో పోసుకున్నాడు, శుభ్రంగా ఉంది. బిగించాడు. స్టార్ట్ అయింది! చక్కగా, ఏమీ జరగనట్టు. "చెత్త అడ్డం పడుంటాది సార్, పోయింది" అన్నాడు. ఎక్కాం. పది నిమిషాలు. మళ్ళీ మూలుగు, ఊగు, ఖలాస్. ఈసారి ప్లగ్గు వైరు పీకి ఇంజన్‌కి దగ్గరగా పట్టాడు, మల్లేశం తాళం తిప్పాడు, నీలం రంగు నిప్పురవ్వ టపటప పడింది. అదీ బాగానే ఉంది. పంపు గొట్టం పీకాడు, పెట్రోలు చిమ్మింది, మొహం మీద పడింది. అదీ బాగానే ఉంది. అన్నీ పెట్టి బిగించాడు. స్టార్ట్ అయింది. "చూసినావా, గొట్టం వదులుగా ఉండె" అన్నాడు మల్లేశంతో. "గిప్పుడు గొట్టమంటివి, ఇందాక చెత్తంటివి" అన్నాడు అతను. మళ్ళీ పది నిమిషాలు. మళ్ళీ ఆగింది. మూడోసారి లోపల ఏదో చిన్న డబ్బాలాంటిది మార్చాడు, కండెన్సర్. ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటి జేబులో ఉండేది, తాయెత్తులాగా. మార్చాక స్టార్ట్ అయింది. "ఇదీ అసలు రోగం! చెప్తినా లేదా!" అని బానెట్టు మీద కొట్టాడు. నాకు కూడా ధైర్యం వచ్చింది. చూడు నాదియా, ప్రతిసారీ ఆయన ఏది ముట్టుకుంటే దానివల్లే బాగయినట్టు కనపడింది. అందుకే మోసపోయాడు. నేనైతే వంటింట్లో అలా ఎన్నిసార్లు మోసపోయానో. నాలుగోసారి ఆగినప్పుడు గంటన్నర గడిచింది. మేం వచ్చింది రెండు మైళ్ళు. అసలు దిగుడు ఇంకా ముందుంది. ఆ దిగుడులో ఇంజన్ ఆగితే బ్రేకు రాయిలా బిగుసుకుని తొక్కినా పడదని మావారు మల్లేశంతో నెమ్మదిగా అంటున్నారు. నాకు వినపడకూడదని. వినపడింది.

వాడు నా ఒళ్ళో ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. పెదవులు నేరేడుపండు రంగు. ఏడవడానికి కూడా వాడికి గాలి చాలడం లేదు. మావారు అడిగారు, "మందు పట్టావా?" అని. సీసా. వాడి ఆయాసం మందు సీసా. ఎక్కడికి వెళ్ళినా నా సంచిలో ఉంటుంది. నేను చెయ్యి పెట్టి చూశాను. లేదు. సంచి అంతా వెతికినట్టు వెతికాను. వెతక్కుండానే నాకు తెలుసు. పొద్దున్న పులిహోర డబ్బాలో పెడుతూ, సంచిలో చోటు చేసుకుందామని సీసా తీసి ఫ్రిజ్ మీద పెట్టాను. జంతికలకి చోటు కోసం. "అయిపోయిందండీ" అన్నాను. అంతే అన్నాను. చంద్రిక చిన్నపిల్ల కదా, "అమ్మా, ఫ్రిజ్ మీద ఉంది కదా, నేను చూశాను" అంది. మావారు అప్పటికే దిగి ముందుకి వెళ్ళారు, వినలేదు. మల్లేశం టైరు కింద రాయి పెడుతున్నాడు. కిటికీ దగ్గర మీ నాన్న ఉన్నాడు. విన్నాడు. నా మొహం చూశాడు. చంద్రికతో, "అది పాత సీసాలే పాపా, ఖాళీది, నేనూ చూసినా" అన్నాడు. ఆయన మా ఇంట్లోకి ఎప్పుడొచ్చాడమ్మా, మా ఫ్రిజ్ ఎప్పుడు చూశాడు? గుమ్మం బయట నిలబడి తాళాలు తీసుకెళ్ళే మనిషి. అలా అనేసి వెళ్ళిపోయాడు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా.

నీళ్ళు తాగుతాను, ఉండు. ఆఁ. ఎక్కడున్నాం? నాలుగోసారి. బండి ఆగగానే మీ నాన్న దిగి, ఏమీ ముట్టుకోకుండా ఒక రాయి మీద కూర్చున్నాడు. వాచీ చూసుకుంటున్నాడు. బీడీ ముట్టించాడు. నాకు ఒళ్ళు మండింది. నేను గొంతు పెంచే మనిషిని కాదు. అప్పుడు పెంచాను. "ఏమిటి ఖమరుద్దీన్ భాయ్ అలా కూర్చున్నారు! పిల్లవాణ్ణి చూస్తున్నారా లేదా?" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. "చూస్తాండా మేడం. అందుకే కూర్చున్నా. నేను ఏదో ఒకటి విప్పుతాండా, బిగిస్తాండా, అది స్టార్ట్ అవుతాంది. నేను విప్పకుంటే గూడా స్టార్ట్ అవుతాదేమో. అట్లయితే నేను ఇంతసేపూ చేసిందంతా గాడిద పనే. ఒక్క పదైదు నిమిషాలు ఇయ్యండి నాకు" అన్నాడు. పదిహేను నిమిషాలు! ఆ పదిహేను నిమిషాలు నేను ఎలా ఉన్నానో అడగకు. అంతలో పొగమంచులోంచి ఒక ముసలాయన వచ్చాడు, ఒమానీ, మేకల కాపరి, గాడిదతో. పిల్లవాణ్ణి చూసి, చలి చలి అని వాళ్ళ భాషలో "బర్ద్, బర్ద్" అంటూ తన భుజం మీది మేకవెంట్రుకల గొంగళి తీసి కిటికీలోంచి లోపలికి తోశాడు. మావారితో ఏదో అన్నాడు. తన గాడిద ఎప్పుడూ ఇలా ఆగలేదట. మల్లేశం ఆ చలిలో కూడా, "తాతా, ఉస్తాద్‌ని నీ గాడిద దగ్గర పనికి పెట్టుకో" అన్నాడు. మీ నాన్న తల ఎత్తలేదు, వాచీ చూస్తున్నాడు. పదిహేను నిమిషాలు కాగానే, "ఇప్పుడు తిప్పు" అన్నాడు. స్టార్ట్ అయింది. ఆయన ఏమీ ముట్టుకోలేదు, అయినా స్టార్ట్ అయింది.

"చేతులు కట్టుకుని కూర్చుంటే పోయే రోగం సార్ ఇది" అన్నాడు మావారితో. ఆ గొంతులో అప్పటిదాకా ఉన్న తత్తరపాటు పోయింది. "ఇరిగిందేదీ దానంతటది అతుక్కోదు. చెత్త దానంతటది పోదు. దానంతటది పోయేది ఏందో అది లోపల కూర్చోనుండాది. ఈసారి ఆగిన వెంటనే చూడాల, పోకముందే పట్టుకోవాల." బండి కదిలింది. ఆయన లోపల కూర్చోలేదు. ముందు బంపరు మీద నిలబడి, బానెట్టు పట్టుకుని, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని వచ్చాడు, ఆ చలిలో, ఆ రాళ్ళ బాటలో. మల్లేశం మనిషి నడిచినట్టు నడిపించాడు. ఆరేడు నిమిషాలకి మూలుగు మొదలైంది. ఆగడం ఆలస్యం, కిందికి దూకి బానెట్టెత్తి, పైనున్న గుండ్రటి మూత విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. కదల్లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఆయన వీపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఏమన్నాడో తెలుసా? "చంద్రికమ్మా! ఐసు చూడాలంటివే, రా!" అన్నాడు. అది దూకి పరిగెత్తింది. ఇంజన్ గొంతులో, పెట్రోలూ గాలీ కలిసే చోట, తెల్లగా ఐసు. మన ఫ్రిజ్ పై అరలో కడుతుంది చూడు, అలాంటిది. గొంతు పూడుకుపోయి సూది దూరేంత సందు ఉంది. ఇంజెక్షన్ ముందు స్పిరిట్ రాస్తే చర్మం జివ్వుమంటుంది కదా, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కూడా అలాగే చలవ చేస్తుందట. గాలి చెమ్మగా, చల్లగా ఉంటే ఆ చెమ్మ అక్కడే గడ్డకడుతుంది. బండి ఆగితే కింద ఇంజన్ వేడికి కరిగిపోతుంది, ఏమీ ఎరగనట్టు. చంద్రిక వేలు పెట్టి తీసింది, చప్పట్లు కొట్టింది పిచ్చిది.

అప్పుడు మీ నాన్న మావారి వైపు తిరిగాడు. ఇది విను, ఇది మల్లేశం కూడా విన్నాడు, నీకు చెప్పి ఉండడు. "సార్, ఇది రాకుండా ఉండేదానికే కంపెనీవాడు ఆ గొట్టం పెట్టినాడు. నేను తీసి పారేసినా. మీరు అడిగితే నవ్వినా గూడా. తప్పు నాదే" అన్నాడు. సాకు చెప్పలేదు. అందరూ తీసేస్తారు అనలేదు. అంటే కాదనేవాళ్ళు ఎవరు? మావారు, "ఇప్పుడేం చేద్దాం చెప్పు" అన్నారు. మీ నాన్న నా దగ్గరికి వచ్చాడు. "మేడం, ఆ డబ్బాలు ఇయ్యండి." పులిహోర ఒక గుడ్డలో, జంతికలు నా కొంగులో దిమ్మరించాను. రెండు డబ్బాల అడుగులూ స్క్రూడ్రైవరు పెట్టి, రాయితో కొట్టి కోసేశాడు. ఒకటి చీల్చి నొక్కి సన్నం చేసి రెండోదాంట్లో దూర్చాడు. గొట్టం అయింది. బండి వెనకున్న నారింజల అట్టపెట్టె చింపి రేడియేటరు ముందు సగం కప్పాడు, ఇంజన్‌కి వేడి నిలవడానికి. ఇక ఆ గొట్టం కొస పొగదారికి ఆనించి వైరుతో కట్టాలి. అది కాలుతోంది. చల్లారాక కట్టమన్నారు మావారు. "చల్లారేదాకా బాబుకి టైం లేదు సార్" అన్నాడు. నడుము గుడ్డ తడిపి చేతికి చుట్టుకున్నాడు. గుడ్డ జారింది. చర్మం కాలిన వాసన నాకొచ్చింది నాదియా. ఆయన చెయ్యి తియ్యలేదు, మూడు చుట్లు చుట్టి మెలితిప్పాకే తీశాడు.

ఏమన్నావ్? కుడిచేతిలో ఆ మచ్చా? అవును, కుడి అరచేయి, బొటనవేలి కిందనుంచి అడ్డంగా. ఇంట్లో మీ అమ్మకి ఏమని చెప్పాడు? రంజాన్‌లో బిర్యానీ డేగిసా ఒలికిందనా! చూడు మరి. మీ అమ్మ ఎన్నాళ్ళు ఆ డేగిసాని తిట్టుకుందో పాపం. బిర్యానీ కాదు తల్లీ. అది నా కొడుకు.

తర్వాత బండి ఆగలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. మల్లేశం కిందికి చూడకుండా ముందుకే చూస్తూ దించాడు, మీ నాన్న పక్కన కూర్చుని ఎడమచేత్తో పెన్సిల్ తీసి డాష్‌బోర్డుకి ఆనించి చెవి పెట్టి వింటూ ఉన్నాడు. "ఇప్పుడేమంటాంది ఉస్తాద్?" అన్నాడు మల్లేశం మెల్లిగా. "వెచ్చగా ఉండాది అంటాంది. నువ్వు బ్రేకు చూసుకో" అన్నాడు. సగం దిగేసరికి పొగమంచు పైనే ఉండిపోయింది, కింద ఎండ కనపడింది. నాలుగున్నరకి కింద ఊళ్ళో ఆసుపత్రి. నర్సు, మలయాళీ అమ్మాయి, నా చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని మొహానికి మాస్కు పెట్టింది. ఇంకో అరగంట ఆలస్యమైతే అని డాక్టరు ఏదో అనబోయాడు, మావారు చెయ్యెత్తి ఆపారు. పావుగంటకి వాడి పెదవులు ఎర్రబడ్డాయి. కళ్ళు తెరిచి మొదట అడిగింది జంతిక. నేను ఇచ్చాను. నా కొంగులో ఉన్నాయిగా ఇంకా.

ఆ తర్వాత సంగతి కూడా మల్లేశం చెప్పి ఉండడు. ఆదివారం నాడు మీ నాన్న షెడ్డు వెనక ఆ గుట్టలో కూర్చుని గొట్టాలన్నీ ఏరాడు. కట్టుకట్టిన చేత్తో. కొండ పని మీద వెళ్ళే మూడు బండ్లకీ తిరిగి బిగించాడు. ఎండాకాలం తీసేవాడు, నవంబరులో మళ్ళీ పెట్టేవాడు, ప్రతి గొట్టం మీదా బండి నంబరు రంగుతో రాసి గోడకి వేలాడదీశాడు. ఆయన పోయేదాకా, తొంభైమూడు దాకా, అది తప్పలేదు. వేరే షెడ్డుల వాళ్ళు నవ్వేవాళ్ళట, "ఏం ఉస్తాద్, కాశ్మీరుకి పోతున్నావా" అని. ఎవరు అడిగినా ఆ రోజు కథ చెప్పేవాడు, తన తప్పుతో మొదలుపెట్టి. మల్లేశానికి ఆ మొదలు ఒక్కటే గుర్తుంది. అతన్ని నేను పిలిచి మాట్లాడతాను. అతను మంచివాడే. షాపులో విన్న నలుగురికీ అతని నోటితోనే మిగతాది చెప్పిస్తాను. నా సీసా సంగతితో సహా. మావారికి ఇవాళ రాగానే చెప్తాను. పదేళ్ళు మోశాను, చాలు. కథ చెప్పిన ప్రతిసారీ మీ నాన్న తన గొట్టం సంగతి చెప్పాడు, నా సీసా సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే తప్పు సగం ఆయన మీదనుంచి దిగేది.

ఏడవకు. ఇటు చూడు. ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండి, శుక్రవారం మధ్యాహ్నం వచ్చాం ఇంటికి. ఈ ఇల్లే. ఈ గుమ్మమే. నేను ముందు దిగి తాళం తీసి, గుమ్మంలో నిలబడిపోయాను. ఒక్కొక్కరూ బండి దిగుతుంటే వేలు ముడుస్తూ లెక్కపెట్టాను, పైకే, పిచ్చిదానిలా. మావారు ఒకటి. ఆయన భుజం మీద శ్రీచరణ్, రెండు. చంద్రిక మూడు. మల్లేశం నాలుగు. మీ నాన్న, ఆ కట్టుతో, అయిదు. "అయిదుగురూ వచ్చారు" అన్నాను. మీ నాన్న మెట్టు దగ్గర ఆగాడు. లోపలికి రాడు కదా ఎప్పుడూ. అక్కడినుంచే, "ఆరుగురు మేడం" అన్నాడు. "మీరు గూడా వచ్చినారు. మిమ్మల్ని గూడా వెయ్యండి లెక్కలో." మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేదాకా కదల్లేదు ఆయన. మావారు. శ్రీచరణ్. చంద్రిక. మల్లేశం. మీ నాన్న. నేను.